తూము ఎవరి చేతిలో ఉంది?

అందరికీ నమస్కారం.

ముందు ఒక రాత్రి సంగతి చెబుతాను. మాస్టడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో ఒక చిన్న సర్వర్‌కి నేను రెండేళ్లు ఫిర్యాదులు చూసే మోడరేటర్‌గా ఉన్నాను. ఒకరోజు రాత్రి పదకొండు దాటాక ఫిర్యాదు వచ్చింది. ఒకమ్మాయి తన ఉద్యోగం గురించి సంతోషంగా రాసుకున్న పోస్టు కింద ఎవరో జవాబిచ్చారు. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. 'మీ వాడలో అందరికీ ఇలాగే వచ్చాయా' అని. నాతోపాటు డ్యూటీలో ఉన్నాయన జర్మనీ మనిషి. దాన్ని అనువాదంలో పెట్టి చూసి, 'ఏదో వీధి గురించి అడిగారు, ఇందులో తప్పేముంది' అని ఫిర్యాదు మూసేయబోయాడు. 'వాడ' అన్న ఒక్క మాటని అక్కడ ఎందుకు వాడారో మనకి వెంటనే తెలిసిపోతుంది. ఆయనకి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు గంట పట్టింది. అప్పటిదాకా ఆ జవాబు అక్కడే ఉంది. తెల్లారేసరికి ఆ అమ్మాయి అకౌంటే తీసేసింది.

ఆయన మంచివాడే. పగలంతా ఉద్యోగం చేసుకుని, రాత్రి జీతం లేకుండా ఈ పని చేసేవాడు. అయినా ఆ రాత్రి ఆమెకి న్యాయం జరగలేదు.

మాస్టడాన్‌ని 2016లో యూజెన్ రోచ్కో అనే యువకుడు జర్మనీలో మొదలుపెట్టాడు. ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకోవచ్చు, ఒక సర్వర్‌లో ఉన్నవాళ్లు ఇంకో సర్వర్‌లో ఉన్నవాళ్లతో మాట్లాడుకోవచ్చు. ఆ మాటలు అటూ ఇటూ మోసే ప్రోటోకాల్ పేరు యాక్టివిటీపబ్. 2018లో వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ దాన్ని ప్రమాణంగా ప్రకటించింది.

కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు మీలో చాలామంది చూసే ఉంటారు. ఏ ఊరి చెరువు ఆ ఊరిది. పై చెరువు నిండి మత్తడి దూకితే నీళ్లు కింది చెరువుకి చేరతాయి. అన్నిటికీ కలిపి ఒక్క యజమాని లేడు. కానీ ప్రతి చెరువుకీ తూము ఉంటుంది, ఆ తూము చూసుకునే నీరటికాడు ఉంటాడు. మాస్టడాన్‌లో ఆ నీరటికాడే అడ్మిన్, అంటే సర్వర్ నడిపే మనిషి. పెద్ద కంపెనీ పోయింది గానీ అధికారం పోలేదు. చిన్న చిన్న ముక్కలై వేలమంది చేతుల్లోకి వెళ్లింది.

ఆ అధికారం అక్కరకొచ్చిన సందర్భం ఒకటుంది. విద్వేషానికి పేరుపడ్డ గ్యాబ్ అనే సైటు 2019లో మాస్టడాన్ కోడ్ మీదికి మారింది. కోడ్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, వాడుకోవద్దని ఎవరూ అనలేరు. అప్పుడు చాలా సర్వర్ల అడ్మిన్లు ఎవరికి వాళ్లు దానితో సంబంధం తెంచేసుకున్నారు. గ్యాబ్ ఉంది, కానీ ఆ నీళ్లు ఈ చెరువుల్లోకి రాలేదు.

అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే అకౌంట్‌ని ట్విట్టర్ ఆపేసింది. ఆయన పెట్టుకున్న ఫొటో, అందరూ నాజీ సెల్యూట్ చేస్తుంటే చేతులు కట్టుకుని నిలబడ్డ ఒక కార్మికుడిది. నాజీలను ధిక్కరించిన ఫొటోని విద్వేషం కింద లెక్కేశారు. ఆ కోపంతో నవంబరులో మనవాళ్లు వేలల్లో మాస్టడాన్‌కి వచ్చారు. అడుగు పెట్టగానే 'ఏ సర్వర్‌లో చేరతారు' అన్న ప్రశ్న ఎదురైంది. ఏది మంచిదో తెలియక చాలామంది అప్పట్లో రోచ్కో నడిపిన మాస్టడాన్.సోషల్ సర్వర్‌లోనే చేరిపోయారు. 2023లో అధికారిక యాప్ కూడా కొత్తవాళ్లకి ముందు దాన్నే చూపించడం మొదలుపెట్టింది. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు, అయినా ఆ నిర్ణయం నాకు నచ్చలేదు. అందరూ ఒకేచోట చేరితే ఏమవుతుందో ఈమెయిల్‌లో చూశాం. ప్రోటోకాల్ అందరిదీ, కానీ జీమెయిల్ స్పామ్‌లో పడేస్తే మీ సొంత సర్వర్ మెయిల్ ఎవరికి చేరుతుంది?

బ్లూస్కై అని ఇంకో సోషల్ నెట్‌వర్క్ ఉంది, దాని దారి వేరు. అకౌంట్‌ని మోసుకుని ఇంకో చోటికి పోవచ్చు, కానీ దాదాపు జనమంతా కంపెనీ సర్వర్ల మీదే ఉన్నారు. 2025 ఏప్రిల్‌లో టర్కీ ప్రభుత్వం అడిగితే కొన్ని అకౌంట్లు ఆ దేశంలో కనిపించకుండా చేశారు. వేరేవాళ్లు తయారుచేసిన కొన్ని యాప్‌లలో మాత్రం అవి కనిపించాయి. నాకు ఇక్కడ ఆశ కనిపిస్తుంది. కాకపోతే అలాంటి యాప్ ఒకటుందని ఎంతమందికి తెలుసు?

నేను పనిచేసిన సర్వర్ తర్వాత మూతపడింది. డొమైన్, పాస్‌వర్డ్‌లు, నెలనెలా బిల్లు, అన్నీ ఒక్కడి దగ్గరే. ఆయనకి ఆరోగ్యం పాడైంది. వారం రోజుల టైమిచ్చారు. మాస్టడాన్‌లో వేరే సర్వర్‌కి మారితే మన ఫాలోయర్లు వెంట వస్తారు, రాసిన పోస్టులు రావు. ఒక పెద్దాయన రోజుకొకటి చొప్పున రాసుకున్న పద్యాలు కాపీ చేసుకోలేక నాకు ఫోన్ చేశారు. 'ఏవి తీసుకోమంటావమ్మా, ఏవి వదిలేయమంటావు' అన్నారు. నేనూ ఆయనా మూడు రాత్రులు కూర్చుని దించాం. సగం దక్కాయి.

తన జాబితాలో పేరు పెట్టుకునే సర్వర్లకి మాస్టడాన్ 2019లోనే షరతులు రాసింది. రోజూ బ్యాకప్ తీయాలి. అత్యవసరమైతే సర్వర్‌లోకి వెళ్లగలిగేవాళ్లు ఇంకొకరైనా ఉండాలి. మూసేసే ముందు మూడు నెలలు చెప్పాలి. మా సర్వర్ ఆ జాబితాలో లేదు, మేమెవరం అడగలేదు.

అందుకే ఇప్పుడు పెట్టిన తెలుగు సర్వర్‌లో పాస్‌వర్డ్‌లు ముగ్గురి దగ్గర ఉన్నాయి. ఎవరినైనా తీసేస్తే కారణం తెలుగులో రాస్తాం, ఆ నిర్ణయం తీసుకోని మనిషి అప్పీలు చూస్తారు. నెల ఖర్చు అందరికీ కనిపించేలా పెడతాం. మాకు లేనిదల్లా రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఫిర్యాదులు చూసే మనుషులు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు చదవగలగాలి, ఏ మాట ఎవరికి ఎక్కడ తగులుతుందో తెలిసుండాలి. ఆడవాళ్లు, వాడల నుంచి వచ్చినవాళ్లు ముందుకొస్తే ఇంకా మంచిది. వారానికి ఒక్క రాత్రి చాలు. తలుపు దగ్గర బల్ల మీద కాగితం పెట్టాను, పెన్ను కూడా ఉంది.