తల గిల్లకండి, అంచు కోయండి

శ్రోతలకు నమస్కారం.

మా అత్తగారు నెల్లూరు నుంచి బెంగళూరు వచ్చినప్పుడల్లా, చెప్పులు విడవగానే మేడ మీదికి వెళ్లి కుండీలు చూస్తారు. పోయిన డిసెంబరులోనూ అలాగే వెళ్లి, పది నిమిషాల్లో కొంగు నిండా లేత ఆకులతో దిగివచ్చారు. "ఇదేమి కూరమ్మా, ఇంత మెత్తగా ఉంది? గుబురు కట్టాలని అన్నిటికీ తలలు గిల్లి వచ్చాను" అన్నారు. అవి లెట్యూస్ మొక్కలు, సలాడ్‌లలో పచ్చిగా తినే ఆకుకూర. ఎనిమిది కుండీలు. నేనేమీ అనలేదు. ఆవిడ చేసినది తోటకూరకైతే ముమ్మాటికీ సరైన పనే.

తోటకూర కాండం పొడుగునా, ప్రతి ఆకు మొదట్లో ఒక మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. తల గిల్లితే ఆ మొగ్గలు మేలుకుని పక్క కొమ్మలు వేస్తాయి. తులసి కూడా అంతే. లెట్యూస్ కాండం మాత్రం నేలను అంటుకుని, ఉందో లేదో తెలియనంత పొట్టిగా ఉంటుంది. దాని చుట్టూ ఆకులు గులాబీ రేకుల్లా అమరుతాయి. కొత్త ఆకు పుట్టేది నట్టనడుమ. దాన్ని గిల్లితే మొక్కకు పుట్టిల్లే పోయినట్టు. తరువాత పక్కల నుంచి రెండు మూడు బక్క పిలకలు వస్తాయి. మా కుండీల్లో మిగిలినవి అవే.

కాబట్టి కోత ఎప్పుడూ బయటి వరస నుంచి మొదలుపెట్టాలి. విత్తిన ముప్ఫై అయిదు, నలభై రోజులకు మొక్కకు ఎనిమిది పది ఆకులు వచ్చి, బయటివి జానెడు పొడుగవుతాయి. వాటిలో రెండో మూడో మొదలుకంటా తీయాలి. సగంలో తెంచితే మిగిలిన తొడిమ మెత్తబడి కుళ్లుతుంది, ఆ తడికి నత్తలు చేరతాయి. మొక్క మొత్తంలో మూడో వంతుకు మించి ఒక్కసారి కోయవద్దు. మళ్లీ వారం దాకా దాని జోలికి వెళ్లవద్దు. నేల తాకుతున్న పసుపు ఆకులు తినడానికి పనికిరాకపోయినా తీసేయాలి. గాలి ఆడితే పేనుబంక కూడా తగ్గుతుంది.

ఇంటికి చుట్టాలు వస్తున్నారు, ఒక్కసారే పళ్లెం నిండా కావాలి అంటారా? అప్పుడు కత్తెర తీసుకుని, నేల నుంచి రెండు వేళ్ల ఎత్తు వదిలి జుట్టు కత్తిరించినట్టు మొత్తం కోసేయండి. నడిమి మొగ్గ ఆ రెండు వేళ్ల లోపలే దాగి ఉంటుంది కనుక మొక్క మళ్లీ చిగురిస్తుంది. ఇలా రెండు మూడు కోతలు వస్తాయి, ప్రతిసారీ ఆకు కాస్త చిన్నదవుతుంది. గ్రాండ్ రాపిడ్స్ వంటి విడి ఆకుల రకాలకే ఈ పద్ధతి. క్యాబేజీలా గడ్డకట్టే ఐస్‌బర్గ్ రకానికి ఇది నప్పదు.

కోతకు తెల్లవారుజామే మంచిది. రాత్రి చల్లదనానికి ఆకు నీరు పట్టి నవనవలాడుతూ ఉంటుంది. ఎండెక్కాక కోసినది వంటింటికి చేరేలోపే వాడిపోతుంది. కోసిన చోట తెల్లని పాలు కారితే కంగారు పడవద్దు, ఈ మొక్క లక్షణమే అది. దాని శాస్త్రీయ నామం లాక్టూకా కూడా పాలు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చినదే.

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండబట్టి మనకు ఈ కూర సాగుతోంది. కార్తికంలో విత్తనాలు చల్లి, పైన మట్టి కప్పీ కప్పనట్టు వేయండి. అవి మొలవడానికి వెలుతురు సాయపడుతుంది, మరీ వేడెక్కిన మట్టిలో మొలవవు. సంక్రాంతికి కోతలు జోరుగా ఉంటాయి. మా ఇంట్లో ఆ రోజుల్లో పెసరపప్పు కోసంబరిలో కీరదోసతో పాటు ఈ ఆకూ పడుతుంది. చివర్లో కలపాలి సుమా, ముందే ఉప్పు తగిలితే నీరుకారిపోతుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది కదా, లెట్యూస్ కూడా దాని వెంటే వెళుతుంది. నడుమ నుంచి పూకాడ లేస్తుంది, ఆకు చేదెక్కుతుంది. ఆ కాడను ఎన్నిసార్లు తుంచినా చేదు తగ్గదు. కుండీలను మధ్యాహ్నపు ఎండ తగలని చోటికి జరిపితే నాలుగు రోజులు గడువు దొరుకుతుంది, అంతే. చేదు ఆకును పారేయనక్కరలేదు. మా అత్తగారు పప్పులో వేసి, కాస్త ఎక్కువ చింతపండు పోసి వండారు. మెంతికూర పప్పు తినేవాళ్లకు అదేమీ లెక్కలోనిది కాదు.

తల గిల్లించుకున్నవాటిలో ఒక మొక్కను మాత్రం పూయనిచ్చాను. చామంతి కుటుంబమే కదా, చిన్న చిన్న పసుపు పూలు పూసింది. తరువాత దూదిలాంటి కుచ్చులతో గింజలు వచ్చాయి. అత్తగారు వాటిని కాగితంలో పొట్లం కట్టుకుని నెల్లూరు బయలుదేరారు. అక్కడి వేసవిలో ఇవి మొలవవని, చలి మొదలయ్యేదాకా ఫ్రిజ్‌లో దాచమని చెప్పాను. మొన్న ఫోను చేశారు. పొట్లం ఇంకా ఫ్రిజ్‌లోనే, ఇడ్లీ పిండి గిన్నె పక్కన ఉందట. "ఈసారి తలలు గిల్లనులే" అని ఆవిడే అన్నారు.