పక్కింటి అరుపు మన బంతి కంటే ముందే ఎందుకొస్తుంది?

తెర మీద: మారతహళ్ళి వెనక సందులు. ఒకదానికొకటి ఆనుకున్నట్టు నిలబడ్డ నాలుగంతస్తుల పీజీలు. రాత్రి పూట ప్రతి కిటికీలోనూ టీవీ వెలుగు.

వాయిస్:
2024 జూన్ 29, శనివారం రాత్రి. టీ20 ప్రపంచకప్ ఫైనల్. దక్షిణాఫ్రికాకు ఆఖరి ఓవర్లో 16 పరుగులు కావాలి. హార్దిక్ పాండ్యా చేతిలో బంతి, ఎదురుగా డేవిడ్ మిల్లర్. మీరు బెంగళూరులో ఏ పీజీ గదిలోనో కూర్చుని ఫోన్లో మ్యాచ్ చూస్తున్నారనుకోండి. హార్దిక్ ఇంకా రనప్ మొదలుపెట్టలేదు. అంతలో పక్క బిల్డింగ్ మూడో అంతస్తు నుంచి ఒక్కసారిగా అరుపు. ఆ వెనకే కింద కాండిమెంట్స్ షాపు దగ్గర ఈలలు. ఇక మీ ఫోన్లో మిల్లర్ ఎంత బలంగా కొట్టినా, బంతి ఎంత ఎత్తుకు లేచినా, మీకు తెలిసిపోయింది: అది సిక్స్ కాదు. సూర్యకుమార్ బౌండరీ దగ్గర బంతి పట్టుకుని, గాల్లోకి విసిరి, తాడు దాటి బయటికెళ్ళి, మళ్ళీ లోపలికొచ్చి అందుకున్న ఆ క్యాచ్‌ని మీరు చూశారు. కానీ ఊపిరి బిగబట్టి చూడలేదు.

నన్నడిగితే ఇది చిన్న నష్టం కాదు. మ్యాచ్ చూడటంలో ఉన్న ఆనందమంతా ఆ బిగబట్టిన ఊపిరిలోనే ఉంది. దాన్ని మన దగ్గర్నుంచి లాక్కుంటున్నదేమిటో ఈ వీడియోలో చూద్దాం.

తెర మీద: ప్రపంచ పటం. బార్బడోస్ నుంచి బెంగళూరుకు ఒక గీత.

వాయిస్:
చాలామంది మొదట అనుకునేది దూరం గురించి. మ్యాచ్ బార్బడోస్‌లో, మనం బెంగళూరులో. మధ్యలో నేరుగా కొలిస్తేనే సుమారు 14,500 కిలోమీటర్లు. అంత దూరం రావాలంటే టైమ్ పట్టదా?

పట్టదు. ఫైబర్ కేబుల్లో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పరిగెత్తుతుంది. సముద్రం అడుగున కేబుల్ వంకరలన్నీ లెక్కేసుకున్నా, ఇక్కడికి రావడానికి పావు సెకను కూడా అక్కర్లేదు. ఉపగ్రహం దారిలో వచ్చినా పెద్ద తేడా లేదు. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. సిగ్నల్ పైకెళ్ళి కిందికి రావడానికి దాదాపు పావు సెకను. మిల్లర్ బ్యాట్‌కి బంతి తగిలి గాల్లోకి లేచేలోపే ఆ బొమ్మ సగం ప్రపంచం దాటగలదు. ఆలస్యమంతా ప్రయాణం ఆగిన చోట్ల జరుగుతోంది.

మొదటి చోటు, బొమ్మను కుదించడం. కెమెరా తీసే వీడియోని ఉన్నదున్నట్టు పంపాలంటే మన ఇళ్ళకొచ్చే కేబులూ నెట్టూ సరిపోవు. అందుకే ప్రతి ఫ్రేమునీ, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మనీ, దాని ముందు, వెనక ఉన్న ఫ్రేములతో పోల్చి, మారిన భాగాన్నే పంపిస్తారు. వెనక వచ్చే ఫ్రేముతో పోల్చాలంటే అది వచ్చేదాకా ఆగాలి కదా. అక్కడ కొంత పోతుంది. తర్వాత స్టూడియోలో తెలుగు కామెంటరీ కలపాలి, స్కోరు పట్టీ, ప్రకటనలు చేర్చాలి, మళ్ళీ కుదించాలి, ఛానల్‌కి తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేయాలి. మీ సెట్‌టాప్ బాక్స్ దాన్ని విప్పాలి. ఇవన్నీ కలిపి డిష్ ఉన్న ఇంటికీ, కేబుల్ ఉన్న ఇంటికీ మామూలుగా కొన్ని సెకన్ల ఆలస్యం. ఒకే కంపెనీ డిష్‌లో కూడా మామూలు ఛానల్‌కీ హెచ్‌డీ ఛానల్‌కీ కొద్దిపాటి తేడా ఉండొచ్చు.

ఇంతవరకూ ఎవరికీ పెద్ద ఇబ్బంది లేదు. వీధంతా డిష్షో కేబులో అయితే అందరూ ఇంచుమించు ఒకేసారి అరుస్తారు. అసలు కథ ఫోన్లో, స్మార్ట్ టీవీ యాప్‌లో ఉంది.

తెర మీద: వీడియో పట్టీని కత్తెరతో ముక్కలుగా కత్తిరిస్తున్న యానిమేషన్.

వాయిస్:
ఉపగ్రహానికి కింద ఎంతమంది చూస్తున్నారో పట్టదు. పది మంది చూసినా పది కోట్ల మంది చూసినా అది వానలా అందరి మీదా ఒకేసారి కురిపిస్తుంది. ఇంటర్నెట్ అలా కాదు. ప్రతి ఫోనూ విడిగా అడగాలి, ప్రతి ఫోనుకీ విడిగా ఇవ్వాలి. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో వన్డే ప్రపంచకప్ ఫైనల్ జరుగుతున్నప్పుడు హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. అంతమందికీ ఆగకుండా వీడియో అందాలంటే దాన్ని చిన్న చిన్న ముక్కలుగా చేసి, మనకు దగ్గర్లో ఉన్న సర్వర్లలో ఆ ముక్కల కాపీలు పెట్టుకోవాలి. ఈ పద్ధతిని ఆపిల్ 2009లో ఐఫోన్ కోసం తెచ్చింది. పేరు హెచ్‌ఎల్‌ఎస్. అప్పట్లో ఒక్కో ముక్క పది సెకన్లు ఉండాలని సలహా ఇచ్చింది, తర్వాత దాన్ని ఆరుకు తగ్గించింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆరు సెకన్ల ముక్క తయారవ్వాలంటే మైదానంలో ఆరు సెకన్లు గడవాల్సిందే. ముక్క నిండకుండా బయల్దేరదు. పైగా మీ ఫోను మొదటి ముక్క రాగానే బొమ్మ చూపించడం మొదలుపెట్టదు. నెట్ మధ్యలో తడబడితే ఆట ఆగిపోకూడదని ముందుగా రెండు మూడు ముక్కలు దాచుకుంటుంది. ఆరు సెకన్లవి మూడైతే 18 సెకన్లు. పది సెకన్లవైతే 30. దీనికి స్టూడియో దగ్గర పోయిన సెకన్లు కూడా కలపండి.

అందుకే, "మా ఫ్లాట్‌లో 300 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది, అయినా మాకే లేటేంటి?" అని అడిగేవాళ్ళకి జవాబు ఇదే. స్పీడు ఎక్కువైతే ముక్క త్వరగా దిగుతుంది, బొమ్మ స్పష్టంగా ఉంటుంది. కానీ ఇంకా తయారు కాని ముక్కని ఏ స్పీడూ తీసుకురాలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ గదిలో పాత కేబుల్ టీవీ ఉంటే, ఐదో అంతస్తు ఫ్లాట్‌లో 65 అంగుళాల తెర ముందు కూర్చున్నవాళ్ళ కంటే ముందు ఆయనకే వికెట్ కనిపిస్తుంది. ఆయన కేకే పైకి వినిపిస్తుంది.

ఆ కేకకి మాత్రం ఆలస్యం లేదు. శబ్దం గాల్లో సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళ్తుంది. పక్క బిల్డింగ్ ముప్పై మీటర్ల దూరంలో ఉంటే సెకనులో పదో వంతు కూడా పట్టదు. యాప్ ఆలస్యం ముప్పై సెకన్లయితే, అంతసేపట్లో శబ్దం పది కిలోమీటర్లు పోగలదు. అంటే లెక్క ప్రకారం, మారతహళ్ళిలో వేసిన కేక సిల్క్ బోర్డు దాకా చేరిపోయేంత టైమ్. ట్రాఫిక్‌లో మనకి గంట పట్టే దారి అది.

తెర మీద: ఒకే వీధిలో మూడు కిటికీలు. ఒక దాంట్లో హార్దిక్ పరుగు, ఇంకో దాంట్లో క్యాచ్, మరో దాంట్లో థర్డ్ అంపైర్ రీప్లే.

వాయిస్:
ఫైనల్ రాత్రి బెంగళూరు వీధిలో నిజంగా జరిగేది ఇదే. ఒకే బంతి, మూడు కిటికీల్లో మూడు వేర్వేరు క్షణాలు. 30 బంతుల్లో 30 పరుగులు కావాల్సిన స్థితి నుంచి బుమ్రా, హార్దిక్, అర్ష్‌దీప్ ఒక్కో ఓవరు బిగిస్తూ మ్యాచ్‌ని లాక్కొచ్చిన ఆ అరగంటలో, పీజీ హాల్లో ఎవరూ లేవరు. "కదలకు రా, నువ్వు లేచినప్పుడే క్లాసెన్ సిక్స్ కొట్టాడు" అని కడప కుర్రాడు గుంటూరు కుర్రాణ్ణి కూర్చోబెడతాడు. ఒకరు దిండు పట్టుకుంటారు, ఒకరు గోళ్ళు కొరుకుతారు. బౌలర్ పరుగు మొదలైనప్పటి నుంచి ఫలితం తెలిసేదాకా ఉండే ఆ నాలుగైదు సెకన్లలో గదిలో మాట ఉండదు.

ఆ టెన్షన్ మనసులోదే కాదు, ఒంట్లోది కూడా. 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్ సమయంలో జర్మనీలోని మ్యూనిక్ చుట్టుపక్కల గుండె సంబంధిత అత్యవసర కేసుల్ని వైద్యులు లెక్కించారు. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో అవి మామూలు రోజుల కంటే 2.66 రెట్లు ఉన్నాయని 2008లో ప్రచురించారు. అందుకే ఒక మాట చెప్పాలి. ఊళ్ళో నాన్నకో మామయ్యకో గుండె సమస్య ఉంటే, ఫైనల్ రోజు ఫోన్ చేసి స్కోరు అడిగే ముందు మాత్రలు వేసుకున్నారో లేదో అడగండి. ఛాతీలో నొప్పి అనిపిస్తే మ్యాచ్ అయ్యాక చూద్దాంలే అని ఆగొద్దని చెప్పండి.

ఆ నాలుగైదు సెకన్ల కోసమే మనం రాత్రి పదకొండున్నర దాకా మేల్కొని ఉంటాం. ఫలితం ఒక్కటే కావాలంటే పొద్దున్నే చూసుకోవచ్చు. ముందే వచ్చిన అరుపు ఫలితాన్ని ఇచ్చి, ఎదురుచూపుని పట్టుకుపోతుంది. ఓడిపోయే రోజు మరీ కష్టం. 2023 ఫైనల్లో ట్రావిస్ హెడ్ 137 కొడుతున్నప్పుడు వీధిలో చాలాసేపు అరుపులే లేవు. మన బౌలర్ పరిగెత్తుకొస్తుంటే పక్కింట్లో నిశ్శబ్దంగా ఉంటే చాలు, ఈ బంతికీ వికెట్ లేదని అర్థమైపోతుంది.

తెర మీద: ఫోన్ తెర. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు. పైన "అమ్మ కాలింగ్".

వాయిస్:
అరుపు పక్కింటి నుంచే రావాలని లేదు. 2025 నవంబరు 2, ఆదివారం. నవీ ముంబైలో మహిళల ప్రపంచకప్ ఫైనల్. వాన వల్ల ఆట రెండు గంటలు ఆలస్యంగా మొదలైంది. మనవాళ్ళు 298 కొట్టారు. మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి జట్టులో ఉంది. బెంగళూరులో ఉన్న రాయలసీమ వాళ్ళకి ఆ రోజు అది సొంతింటి మ్యాచ్. శ్రీచరణి బౌలింగ్‌కి వచ్చిందంటే ఊళ్ళో కేబుల్ టీవీ ముందున్న అమ్మ ఊరుకుంటుందా? "మన పిల్ల వికెట్ తీసింది చూశావా!" అని ఫోన్. ఇక్కడ యాప్‌లో ఆ బంతి ఇంకా పడలేదు. అమ్మ సంతోషం ముందు, "నాకింకా రాలేదమ్మా" అని ఎవరు మాత్రం అనగలరు? అర్ధరాత్రి వేళ హర్మన్‌ప్రీత్ వెనక్కి పరిగెత్తి ఆఖరి క్యాచ్ పట్టి, మనవాళ్ళు 52 పరుగులతో గెలిచినప్పుడు కూడా చాలామందికి కప్పు ముందు వాట్సాప్‌లోనే వచ్చింది.

స్కోరు యాప్‌లు ఇంకా ముందుంటాయి. వాటికి పంపాల్సింది ఒక అంకె, ఒక పదం. కుదించేది లేదు, ముక్కలు చేసేది లేదు. కాబట్టి "వికెట్!" అన్న నోటిఫికేషన్ వీడియో కంటే ముందే వస్తుంది.

తెర మీద: రిమోట్, సెట్‌టాప్ బాక్స్, ఫోన్ సెట్టింగ్స్.

వాయిస్:
మరి ఏం చేయాలి? పెద్ద మ్యాచ్‌కి, ముఖ్యంగా ఛేజింగ్ ఉన్నప్పుడు, వీలైతే డిష్ లేదా కేబుల్ ఉన్న చోటికి వెళ్ళండి. పీజీలో కింద హాల్లో టీవీ ఉంటే గదుల్లో విడివిడిగా ఫోన్లు పట్టుకుని కూర్చోకండి. అందరూ ఒకే తెర ముందు చేరితే పక్కవాడు ముందు అరిచే ప్రమాదమే ఉండదు. ఫోన్ నుంచి టీవీకి క్యాస్ట్ చేస్తే బొమ్మ పెద్దదవుతుంది గానీ ఆలస్యం పోదు, దారి అదే కదా.

యాప్‌లోనే చూడాల్సి వస్తే స్కోరు నోటిఫికేషన్లు ఆపేయండి, గ్రూపుల్ని మ్యూట్ చేయండి. మధ్యలో వీడియో ఆగి మళ్ళీ మొదలైతే మీరు ఇంకాస్త వెనకబడి ఉంటారు. ఓవర్ల మధ్య విరామంలో "లైవ్" అన్న బటన్ నొక్కండి, లేదంటే యాప్ మూసి మళ్ళీ తెరవండి. నెట్ బలహీనంగా ఉంటే క్వాలిటీ ఒక మెట్టు తగ్గించండి. ఆగడం తగ్గితే వెనకబడటమూ తగ్గుతుంది. కిటికీలు మూసుకోవడం కూడా పనిచేస్తుంది, కానీ జూన్ ఉక్కలో, పది మంది ఉన్న గదిలో ఎవరూ ఒప్పుకోరు.

కంపెనీలు చేయగలిగింది కూడా ఉంది. ముక్కని ఇంకా చిన్న భాగాలు చేసి, పూర్తిగా నిండకముందే పంపే పద్ధతిని ఆపిల్ 2019లోనే ప్రకటించింది. దాంతో ఆలస్యాన్ని కొన్ని సెకన్లకి తేవచ్చు. భయం ఎక్కడంటే, ఫోను దాచుకునే నిల్వ తగ్గితే నెట్ కాస్త తడబడినా వీడియో ఆగిపోతుంది. కోట్ల మంది చూస్తున్నప్పుడు ఆగడం కంటే ఆలస్యమే నయమని అనుకోవడంలో అర్థముంది. అయినా ఆ నిర్ణయం చూసేవాళ్ళకి వదిలేయాలని నా అభిప్రాయం. మంచి నెట్ ఉన్నవాళ్ళు "కాస్త ఆగినా ఫర్వాలేదు, నాకు త్వరగా కావాలి" అని ఎంచుకునే బటన్ ఒకటి ఉండాలి. మామూలు రోజుల్లో సీరియల్‌కీ సినిమాకీ ముప్పై సెకన్లతో పని లేదు. ఆఖరి ఓవర్‌కి ఉంది.

తెర మీద: పక్కపక్కనే టీవీ, ఫోన్. మధ్యలో స్టాప్‌వాచ్.

వాయిస్:
మీ ఇంట్లో తేడా ఎంతో మీరే కొలవచ్చు. డిష్ టీవీలో, యాప్‌లో ఒకే మ్యాచ్ పెట్టండి. టీవీలో బంతి బ్యాట్‌కి తగలగానే స్టాప్‌వాచ్ నొక్కండి, ఫోన్లో అదే బంతి తగలగానే ఆపండి. ఒక్క బంతితో సరిపెట్టుకోకండి, ఒక ఓవరంతా చూడండి. యాప్ నిల్వ మారుతూ ఉంటుంది కాబట్టి అంకె అటూ ఇటూ అవుతుంది. ఊళ్ళో అమ్మానాన్నలది డిష్షో కేబులో కూడా కనుక్కోండి. తర్వాతి ఫైనల్‌కి ఎవరు ఎవరికి ముందు ఫోన్ చేయాలో అప్పుడు తేల్చుకోవచ్చు.