పోతే మళ్ళీ దొరకనివి ఏవి?

అందరికీ నమస్కారం. బ్యాకప్ తీసుకోవాలని ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చి కంప్యూటర్‌కి తగిలించాక అసలు ప్రశ్న మొదలవుతుంది. ఇందులోకి ఏం కాపీ చేయాలి? ఈ రోజు మాట్లాడబోయేది దాని గురించే.

మొత్తం డిస్కునే ఇమేజ్, అంటే డిస్కంతటికీ ఒకే నకలు, తీసి పెట్టేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. తీసుకోండి, మంచిదే. మెషీన్ పాడైతే ఉన్నదున్నట్టు తిరిగి నిలబెట్టుకోవచ్చు. కాకపోతే అది పెద్ద పని, గంటలు పడుతుంది, కాబట్టి వాయిదా పడుతూ ఉంటుంది. చివరి ఇమేజ్ తీసి ఆరు నెలలైతే ఆ ఆరు నెలల్లో రాసుకున్నదంతా పోయినట్టే. రోజూ తీసే బ్యాకప్ వేరే ఉండాలి, అది చిన్నదిగా ఉండాలి. అందుకే ఎంచుకోక తప్పదు.

ఎంచుకునేటప్పుడు ఒక్కో ఫోల్డర్ ముందు ఆగి నేను అడిగేది ఒకటే: ఇది పోతే ఇంకెక్కడైనా దొరుకుతుందా? విండోస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌ని మోసుకెళ్ళినా కొత్త మెషీన్లో చాలా ప్రోగ్రాములు నడవవు, వాటికి కావలసిన వివరాలు రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, ఉండిపోతాయి. సి డ్రైవ్‌లో గిగాబైట్ల కొద్దీ కనిపించే పేజ్‌ఫైల్, హైబర్‌ఫిల్ సిస్టమ్ తన మెమరీ అవసరాలకి వాడుకునే జాగా. ఇవన్నీ వదిలేయండి. సైజు చూసి మాత్రం విలువ కట్టకండి. డౌన్‌లోడ్ చేసుకున్న సినిమా నాలుగు గిగాబైట్లు ఉండొచ్చు. మీ అమ్మాయి మూడేళ్ళప్పుడు మాట్లాడిన ముద్దు ముద్దు మాటలు, ఒక నిమిషం రికార్డింగ్, ఒక మెగాబైటు.

నేను ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. ఒకప్పుడు డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్, ఈ మూడు ఫోల్డర్లూ ప్రతి ఆదివారం తప్పకుండా కాపీ చేసేవాణ్ణి. ఒక రాత్రి డిస్క్ టిక్కు టిక్కుమంటూ ఆగిపోయింది. కొత్త డిస్క్ వేయించాను, కాపీలన్నీ వెనక్కి తెచ్చుకున్నాను. ఫోటోలు వచ్చాయి, రాతలు వచ్చాయి. ధైర్యంగా నా మెయిల్ ప్రోగ్రాము థండర్‌బర్డ్ తెరిచాను. ఇన్‌బాక్స్ ఖాళీగా ఉంది. నేను పాప్ పద్ధతిలో మెయిల్‌ని కంప్యూటర్‌లోకి దించుకునేవాణ్ణి, దిగిన మెయిల్‌ని సర్వర్ మీంచి తీసేసే సెట్టింగ్‌తో. మా నాన్నగారు నాకు రాసిన మెయిళ్ళన్నీ ఆ ఒక్క డిస్క్‌లోనే ఉన్నాయి. అప్పటికి ఆయన లేరు.

ఎక్కడుండేవో తర్వాత తెలుసుకున్నాను. యూజర్ ఫోల్డర్ కింద యాప్‌డేటా, దానిలో రోమింగ్, దానిలో థండర్‌బర్డ్, చివర ప్రొఫైల్స్. యాప్‌డేటాని విండోస్ మామూలుగా కనబడనివ్వదు. మనం చేత్తో సేవ్ చేసినవి ఎక్కడున్నాయో మనకి గుర్తుంటుంది. ప్రోగ్రాములు వాటంతటవి సేవ్ చేసినవాటి గురించి ఆలోచనే రాదు. బ్రౌజర్‌లో పెట్టుకున్న బుక్‌మార్కులు, స్టిక్కీ నోట్స్, ఆటలో చేరుకున్న మెట్టు, చాలావరకు ఇలాంటి చోట్లే ఉంటాయి. లైనక్స్ వాడేవాళ్ళకి హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే పేర్లు ఇవే. వాటిలో డాట్ క్యాష్ ఒక్కటి వదిలేయొచ్చు, అది మళ్ళీ దానంతటదే తయారవుతుంది.

తెలుగులో రాసేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు అక్షరాలకి ఒకే సంకేతాలు వాడే పద్ధతి, రాకముందు ఫాంట్లలో టైప్ చేసిన ఫైళ్ళు మీ దగ్గర ఉంటే, ఆ ఫాంటు కూడా బ్యాకప్‌లో ఉండాలి. అది లేకపోతే ఫైలు భద్రంగానే ఉంటుంది, తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫాంటుతో పాటు ఒక పీడీఎఫ్ కూడా చేసి పెట్టుకోండి. వీలైతే యూనికోడ్‌లోకి మార్చి ఆ కాపీ కూడా ఉంచండి.

లెక్కల ప్రోగ్రాముల్లాంటివి డేటాబేస్ మీద నడుస్తాయి. ప్రోగ్రాము తెరిచి ఉండగా ఆ ఫైలుని కాపీ కొడితే సగం రాసిన స్థితిలో దొరకొచ్చు. దాని సొంత బ్యాకప్ లేదా ఎక్స్‌పోర్ట్ ఆప్షన్ వాడి, అలా వచ్చిన ఫైలునే కాపీ చేయండి.

ఇక తాళాలు. డిస్క్‌కి విండోస్ వేసే తాళం బిట్‌లాకర్ వేసుంటే 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. పాస్‌వర్డ్ మేనేజర్ ఫైలు, రెండంచెల లాగిన్ కోసం ఇచ్చిన రికవరీ కోడ్‌లు, ఇవన్నీ చిన్నవే. వీటిని తాళం వేసిన ఆ డిస్క్‌లోనే ఉంచితే లాభం లేదు. కీ, కోడ్‌లు కాగితం మీద ప్రింట్ తీసి మరో చోట పెట్టండి.

క్లౌడ్‌తో సింక్ అవుతోంది కదా అనేవాళ్ళున్నారు. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. పాత కాపీలు ఎన్నాళ్ళు ఉంచుతారో మీ సర్వీసులో చూసుకోండి.

చివరగా చిన్న పని. మీరు వాడే ప్రోగ్రాముల పేర్లు ఒక టెక్స్ట్ ఫైలులో రాసుకోండి. ప్రోగ్రాముల్ని కాపీ చేయకపోయినా ఏమేం మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలో ఆ ఫైలు చెబుతుంది.

ల్యాప్‌టాప్‌లు తెచ్చుకున్నవాళ్ళు ఇప్పుడు తెరవండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద (విండోస్ 11లో అయితే వ్యూలో షో కింద) హిడెన్ ఐటమ్స్ ఉంటుంది, టిక్ పెట్టండి. యాప్‌డేటా కనిపించిందా? దాంట్లో మీ మెయిల్ ప్రోగ్రాము పేరు వెతకండి. నేను ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాను.