పెట్రోలు చుక్కకు పొగ వేడి

అందరికీ నమస్కారం.

పెట్రోలు ద్రవంగా ఉన్నంతసేపు మండదు. ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. తొలినాటి కార్ల ఇంజనీర్లను వేధించిన చిక్కంతా ఇక్కడే ఉంది.

ఆవిరి కావాలంటే వేడి కావాలి. పెట్రోలును గాలిలో కలిపే కార్బ్యురేటర్లో ఆ వేడి గాలి నుంచే రావాలి. కిలో పెట్రోలు ఆవిరి కావడానికి సుమారు 350 కిలోజౌళ్లు పడుతుంది. దానితో కలిసే గాలి దాదాపు 15 కిలోలు. లెక్క కట్టి చూడండి: పెట్రోలంతా ఆవిరైతే గాలి 20 డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. అమెరికా కార్ల నగరం డెట్రాయిట్ చలికాలంలో సున్నాకు దిగువన ఉన్న గాలి అంత వేడి ఎక్కడి నుంచి ఇస్తుంది? పైగా 1910ల్లో కార్లు విపరీతంగా పెరిగి, శుద్ధి కర్మాగారాలు అంత తేలిగ్గా ఆవిరికాని బరువైన భాగాలను కూడా పెట్రోలులో కలపసాగాయి.

ఆవిరికాని పెట్రోలు ఇన్‌టేక్ మానిఫోల్డ్ (గాలీ పెట్రోలూ సిలిండర్లకు వెళ్లే గొట్టం) గోడల వెంట పొరలా పారుతుంది. మలుపు దగ్గర గాలి తిరుగుతుంది, బరువైన చుక్క తిరగలేదు. దాంతో ఒక సిలిండరుకు ఎక్కువ, ఇంకొకదానికి తక్కువ అందేది. తక్కువ అందినది మండాలంటే డ్రైవరు గాలిని తగ్గించే చోక్ లాగి అన్నిటికీ ఎక్కువ పోయాల్సిందే. ఆ మిగులు సిలిండరు గోడల మీది నూనెను కడిగేసి, కిందికి దిగి ఇంజనాయిలును పలచన చేసేది. బేరింగులు అరిగిపోయేవి. మైలేజీ కన్నా ఈ నష్టమే పెద్దదని నా అభిప్రాయం.

మరోపక్క పెట్రోలులోని శక్తిలో దాదాపు మూడో వంతు పొగతోపాటు వేడిగా బయటికి పోతోంది. ఫోర్డ్ మోడల్ టీలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (పొగ బయటికి పోయే గొట్టం) దగ్గర వేడెక్కిన గాలిని ఒక రేకు గొట్టంతో కార్బ్యురేటర్లోకి పంపారు. చౌకైన పని, కానీ గాలి వేడెక్కితే పలచబడుతుంది. సిలిండర్లో తక్కువ పడుతుంది, శక్తి తగ్గుతుంది, నాకింగ్ (మిశ్రమం దానంతట అదే పేలి ఇంజను టకటకమనడం) కూడా పెరుగుతుంది.

అందుకే హాట్ స్పాట్ అంటే నాకు అంత ఇష్టం. మానిఫోల్డ్ మలుపు తిరిగే చోట గోడ వెనక పొగ తగిలేలా చేశారు. తిరగలేని చుక్క సరిగ్గా ఆ వేడి గోడకే తగిలి ఆవిరవుతుంది, గాలి పెద్దగా వేడెక్కకుండానే పక్కనుంచి వెళ్లిపోతుంది. ఇబ్బంది పెట్టిన ఆ బరువే చుక్కను వేడి దగ్గరికి చేర్చింది! తర్వాత వేడికి వంగే బైమెటల్ (రెండు లోహాల) స్ప్రింగుతో తిరిగే వాల్వు వచ్చింది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పొగను అటు మళ్లించి, వేడెక్కాక దారి మార్చేది.

1917లో తయారీ మొదలైన ఫోర్డ్‌సన్ ట్రాక్టరును పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక, ఆవిరి కావడానికి ఇంకా ఎక్కువ వేడి కావలసిన కిరసనాయిలుకు మార్చేవారు. పొలాల్లో కిరసనాయిలు పంపుసెట్లు నడిపినవారికి ఇది తెలిసిన పద్ధతే.

1930ల్లో కెనడాలోని విన్నిపెగ్‌కు చెందిన చార్లెస్ నెల్సన్ పోగ్ పెట్రోలును పూర్తిగా ఆవిరి చేసే కార్బ్యురేటర్లకు పేటెంట్లు పొందాడు. గ్యాలనుకు 200 మైళ్లన్న ప్రచారం జరిగింది, అది ఎన్నడూ రుజువు కాలేదు. వేడెక్కిన మామూలు ఇంజన్లోనే పెట్రోలు దాదాపు అంతా మండిపోతుంది. ఆవిరిని ఎంత మెరుగుపరిచినా అన్ని రెట్ల మైలేజీ రాదు. అలాంటి పరికరాలకు దయచేసి డబ్బు పెట్టకండి.

కార్బ్యురేటర్ బదులు, ఒత్తిడితో చిమ్మే ఇంజెక్టర్లు వచ్చాక పెట్రోలును ఇన్‌టేక్ వాల్వు వేడి వీపు మీద చల్లారు. మానిఫోల్డ్ పొడవునా తడిసే బాధ తప్పింది. నేరుగా సిలిండర్లోనే చల్లే ఇంజన్లలోనైతే ఆవిరయ్యేటప్పుడు పుట్టే ఆ చల్లదనమే కావాలి. అది నాకింగ్‌ను అణచిపెడుతుంది కాబట్టి కంప్రెషన్ (సిలిండర్లో మిశ్రమాన్ని నొక్కే స్థాయి) పెంచుకోగలుగుతున్నారు.