కుక్క చూపులోని మాట

శ్రోతలకు నమస్కారం.

బంతి సోఫా కిందికి దొర్లిపోతుంది. కుక్క మూతి దూర్చి చూస్తుంది, అందదు. వెనక్కి తిరిగి మీ ముఖంలోకి చూస్తుంది. మళ్లీ సోఫా కిందికి, మళ్లీ మీ వైపు. మీరు లేచి బంతి తీసిచ్చేదాకా అదే పని. కుక్కను పెంచినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. మరి అది కావాలనే మనకు చెబుతోందా, లేక ఆత్రం కొద్దీ అటూ ఇటూ చూస్తోందా?

హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో పరిశోధకుడు ఆడమ్ మిక్లోషి బృందం దీన్ని పరీక్షించి 2000లో ఫలితాలు ప్రచురించింది. యజమాని గదిలో లేనప్పుడు, కుక్క చూస్తుండగా తిండి దాచారు. యజమాని వచ్చాక కుక్క ఆయన్నీ, తిండి దాచిన చోటునీ మార్చి మార్చి చూసింది. తిండి ఉండి మనిషి లేనప్పుడు గానీ, మనిషి ఉండి తిండి లేనప్పుడు గానీ అంతగా చూడలేదు. ఉత్త ఆత్రమే అయితే ఒంటరిగా ఉన్నప్పుడూ అలాగే చూడాలి కదా! వినే మనిషి ఉన్నప్పుడే చెబుతోందంటే, అది కావాలని చెప్పడమేనని నా నమ్మకం.

2003లో అదే బృందం, మనుషులు చేత్తో పెంచిన తోడేళ్లను కుక్కలతో పోల్చింది. పని తమ వల్ల కానప్పుడు కుక్కలు మనిషి ముఖం వైపు తిరిగాయి. తోడేళ్లు పెద్దగా తిరగలేదు.

ఇంగ్లండ్‌కు చెందిన జూలియానె కామిన్‌స్కీ బృందం 2017లో 24 కుక్కల ముఖాలను గమనించింది. మనిషి తమవైపు తిరిగి ఉన్నప్పుడు వాటి ముఖ కవళికలు ఎక్కువయ్యాయి, ముఖ్యంగా కనుబొమలు పైకెత్తడం. తిండి చూపించినంత మాత్రాన ఆ తేడా రాలేదు. ఆ కవళికకు ఫలానా అర్థం అని చెప్పలేం గానీ, మనం చూస్తున్నామా లేదా అన్నది వాటికి పట్టింపేనని మాత్రం తెలుస్తోంది.

అయితే మనం పొరబడే చోటు ఒకటుంది. చెప్పు కొరికిన కుక్క తల వంచి, చెవులు వెనక్కి వాల్చి నిలబడితే 'చూశారా, తప్పు ఒప్పుకుంటోంది' అంటాం. పరిశోధకురాలు అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో దీన్ని పరీక్షించారు. ఆ చూపు కుక్క చేసిన తప్పును బట్టి రాలేదు, యజమాని తిట్టడాన్ని బట్టి వచ్చింది. ఏ తప్పూ చేయని కుక్కలు కూడా తిట్లు తిన్నప్పుడు అలాగే చూశాయి. ఇది చదివిన రోజు నాకు చాలా బాధ కలిగింది. మా కుక్క అలా నిలబడ్డప్పుడల్లా ఒప్పుకుందనుకుని ఇంకో రెండు మాటలు ఎక్కువే అన్నాను. పాపం, అది నా గొంతు విని బెదిరింది.

ఇప్పుడు దాని ముఖం చూసి ఊరుకోను, దాని చూపు ఎటు వెళ్తోందో కూడా చూస్తాను. చాలాసార్లు అక్కడ ఖాళీ నీళ్ల గిన్నో, మూసిన తలుపో ఉంటుంది.

నమస్కారం.