చిరునామా దొరికింది సరే, అక్కడున్నది ఎవరు?

అందరికీ నమస్కారం.

ఈ రోజు ఒక్క పని చేద్దాం. బ్రౌజర్‌లో ఒక సైటు పేరు కొట్టి ఎంటర్ నొక్కుతారు. పేజీ తెర మీదికి వస్తుంది. మామూలుగా దీనికి సెకను, రెండు సెకన్లు పడుతుంది. ఆ కాస్త సమయంలో జరిగేదాని వెంట నడుద్దాం. దారిలో ప్రతి మలుపు దగ్గరా ఆగి రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఇక్కడ ఏం చెడిపోతుంది? ఇక్కడ ఎవరు అబద్ధమాడగలరు?

రెండో ప్రశ్న ఎందుకో చెబుతాను. ఇంటర్నెట్ మూలసూత్రాలను వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రచురించారు. 1983 జనవరి 1న ఇంటర్నెట్‌కు ముందు రూపమైన అర్పానెట్ ఆ పద్ధతికి, అంటే టీసీపీ ఐపీకి మారింది. అప్పటికి దాని మీద ఉన్నవి కొన్ని వందల కంప్యూటర్లు. ఎక్కువగా పరిశోధన సంస్థలవీ, విశ్వవిద్యాలయాలవీ. సమాచారం చేరడమే వాళ్లకు పెద్ద సమస్య. పంపినవాడు నిజంగా వాడేనా అని నిలదీసే ఏర్పాటు అందులో లేదు. భద్రత పేరుతో ఇవాళ మనం వాడుతున్నదంతా దాదాపుగా తర్వాత వేసిన అతుకులే. అతుకు ఎక్కడుందో తెలిస్తే ఎక్కడ చిరుగుతుందో కూడా తెలుస్తుంది.

మొదట మీ చేతిలోని పరికరం. దానికి రెండు చిరునామాలుంటాయి. మ్యాక్ చిరునామా నెట్‌వర్క్ కార్డుతో పాటు ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. పొడవు 48 బిట్లు, అంటే 48 సున్నాలూ ఒకట్లూ. ఐపీ చిరునామా మాత్రం ఏ నెట్‌వర్క్‌లో చేరితే అక్కడ ఇచ్చేది. వైఫైలో చేరగానే మీ ఫోను "నాకో నంబరు కావాలి" అని కేకేస్తుంది. రౌటర్‌లో ఉండే డీహెచ్‌సీపీ అనే ఏర్పాటు కొంత గడువు పెట్టి ఒక నంబరు ఇస్తుంది. అది సాధారణంగా 192.168 తోనో, 10 తోనో మొదలవుతుంది. కంప్యూటర్‌లో 169.254 తో మొదలయ్యే నంబరు కనిపిస్తే, అడిగినా ఎవరూ జవాబివ్వలేదని అర్థం. అప్పుడు బ్రౌజర్‌తో కుస్తీ పట్టి లాభం లేదు. కేబులు, రౌటరు చూసుకోవాలి.

192.168.1.5 లాంటి నంబరు లోకంలో లెక్కలేనన్ని ఇళ్లలో ఉంటుంది. పాత పద్ధతిలో చిరునామా 32 బిట్లే కాబట్టి మొత్తం సుమారు 429 కోట్లే వస్తాయి. ఉన్న పరికరాలకు అవి చాలవు. అందుకని ఇంట్లో పది పరికరాలున్నా బయటి ప్రపంచానికి ఒక్క నంబరే కనిపించేలా రౌటర్ మారుస్తుంది. దీన్ని న్యాట్ అంటారు. దీనివల్ల ఒక మంచి కూడా జరిగింది. లోపలి నుంచి ఎవరూ అడగకుండా బయటి నుంచి వచ్చిన ప్యాకెట్‌ను, అంటే సమాచారపు ముక్కను, ఎవరికివ్వాలో రౌటర్‌కు తెలియదు, పారేస్తుంది. అయితే ఇది కాపలా కోసం కట్టిన గోడ కాదు. కొత్త 128 బిట్ల ఐపీ వెర్షన్ 6 లో ప్రతి పరికరానికీ సొంత బయటి చిరునామా ఉండొచ్చు. అక్కడ కాపలా పని, ఏది లోపలికి రావాలో తేల్చే రౌటర్‌లోని ఫైర్‌వాల్‌దే. దాన్ని ఆపేయకండి.

ఇప్పుడు రౌటర్ దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుందాం. ఇంటి నెట్‌వర్క్‌లో అందరూ వాడేది, ఎవరూ పట్టించుకోనిది ఇదే.

దీనికి రెండు పాస్‌వర్డులుంటాయి. ఒకటి వైఫైలో చేరడానికి, రెండోది రౌటర్ సెట్టింగులు మార్చడానికి. చాలామంది మొదటిది మార్చి ఊరుకుంటారు. రెండోది ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే, అడ్మిన్ అనో 1234 అనో ఉండిపోతుంది. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రామ్ చేసింది చాలా చిన్న పని. ఇలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డులు అరవై దాకా జాబితా పెట్టుకుని, నెట్‌కు తెరుచుకుని ఉన్న కెమెరాలు, రౌటర్ల మీద ఒక్కొక్కటే ప్రయత్నించింది. లక్షల పరికరాలు దాని గుప్పిట్లోకి వెళ్లాయి. అందులో గొప్ప తెలివితేటలేమీ లేవు, మన బద్ధకమే దాని పెట్టుబడి.

మార్చడం ఎలా? బ్రౌజర్‌లో రౌటర్ నంబరు కొట్టండి. అది చాలాసార్లు 192.168.1.1 లేదా 192.168.0.1. కాకపోతే ఫోను వైఫై వివరాల్లో "గేట్‌వే" అని ఉంటుంది, లేదంటే రౌటర్ అడుగున అతికించిన కాగితం మీద ఉంటుంది. లోపలికి వెళ్లి ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత వైఫై భద్రత దగ్గర డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2 ఎంచుకోండి. డబ్ల్యూఈపీ అని కనిపిస్తే అది తలుపుకు దారం కట్టినట్టే, నిమిషాల్లో తెగుతుంది. పాస్‌వర్డ్ బదులు చిన్న పిన్‌తో వైఫైలో చేర్చే డబ్ల్యూపీఎస్‌ను ఆపేయండి. దాని పిన్‌లో 8 అంకెలుంటాయి కాబట్టి పది కోట్ల అవకాశాలు అనిపిస్తుంది. కానీ చివరి అంకె మిగతా వాటి నుంచి లెక్కకట్టి వచ్చేదే. పైగా రౌటర్ మొదటి 4 అంకెలను విడిగా, తర్వాతి 3 అంకెలను విడిగా సరిచూస్తుంది. పదివేలు, ఒక వెయ్యి. మొత్తం 11,000 ప్రయత్నాలతో అయిపోతుంది. ఆ తర్వాత "బయటి నుంచి నిర్వహణ" అనే మీట ఉంటే ఆపండి, ఫర్మ్‌వేర్‌కు, అంటే రౌటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌కు, అప్‌డేట్ ఉంటే చేయండి. వైఫై పేరు దాచిపెట్టడం, మ్యాక్ చిరునామాలతో వడపోత పెట్టడం లాంటి వాటికి సమయం వృథా చేయకండి. ఆ రెండూ గాలిలో బహిరంగంగానే వెళ్తాయి, వినేవాడికి వినిపిస్తాయి.

ఇంకో మాట. వైఫై పాస్‌వర్డ్ మీ ఫోనుకూ రౌటర్‌కూ మధ్యనున్న గాలిని మాత్రమే కాపాడుతుంది. రౌటర్ దాటాక దాని బాధ్యత అయిపోయింది.

రౌటర్ దాటే ముందు మీరు కొట్టిన పేరు నంబరుగా మారాలి. ఈ పని చేసేది డీఎన్‌ఎస్. ఫోనులో పేరు నొక్కితే నంబరు తీసిచ్చే కాంటాక్టుల జాబితా లాంటిదే, కాకపోతే ప్రపంచమంతటికీ పంచి పెట్టినది. 2016 అక్టోబరు 21న మిరాయ్ పట్టుకున్న పరికరాలు డిన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీద పడ్డాయి. ట్విటర్ లాంటి పెద్ద సైట్లు చాలామందికి గంటల తరబడి అందలేదు. ఆ సైట్ల సర్వర్లు, అంటే పేజీలను పంపే కంప్యూటర్లు, బాగానే ఉన్నాయి. వాటి నంబరు చెప్పేవాళ్లే పలకలేదు.

"నెట్ పనిచేయట్లేదు" అన్నప్పుడు కూడా ఈ తేడా ఉపయోగపడుతుంది. కమాండ్ ప్రాంప్ట్ లేదా టెర్మినల్ తెరిచి పింగ్ (అవతల ఎవరైనా పలుకుతారా అని తట్టి చూసే ఆదేశం) అని కొట్టి, ముందు మీ రౌటర్ నంబరు ఇవ్వండి. జవాబు రాకపోతే లోపం చాలావరకు ఇంట్లోనే, వైఫైలోనో కేబుల్లోనో ఉంది. వస్తే 8.8.8.8 కు, అంటే గూగుల్ నడిపే డీఎన్‌ఎస్ సర్వర్‌కు, పింగ్ చేయండి. అది రాకపోతే రౌటర్‌కు అవతల, అంటే కనెక్షన్ ఇచ్చేవారి వైపు చూడాలి. అదీ వచ్చిందంటే ఏదైనా సైటు పేరుతో పింగ్ చేయండి. నంబరుకు జవాబు వచ్చి, పేరు దగ్గర మాత్రం అలాంటిది దొరకలేదని చెబితే తప్పు డీఎన్‌ఎస్‌ది. రౌటర్‌లోనో కంప్యూటర్‌లోనో డీఎన్‌ఎస్ నంబరు 1.1.1.1 లేదా 8.8.8.8 అని మార్చి చూడండి. కొన్ని సర్వర్లు పింగ్‌కు కావాలనే జవాబివ్వవు కాబట్టి ఒక్క సైటుతో తేల్చేయకండి.

డీఎన్‌ఎస్ అబద్ధం చెబితే? రౌటర్‌లోకి చొరబడినవాడు మొదట చేయగలిగిన పని అదే. పేరు మీరు సరిగ్గానే కొడతారు, నంబరు వాడిది వస్తుంది. ఈ మోసాన్ని పట్టుకునే అతుకు ఇంకాస్త ముందుంది.

నంబరు దొరికాక మీ కంప్యూటర్ ఆ సర్వర్‌తో మూడు పలకరింపులు జరుపుతుంది. ఉన్నావా అని ఇటు నుంచి, ఉన్నాను, నా మాట వినపడిందా అని అటు నుంచి, వినపడింది అని మళ్లీ ఇటు నుంచి. ఆ తర్వాత సమాచారం సుమారు 1,500 బైట్ల ముక్కలుగా వెళ్తుంది. ప్రతి ముక్కకూ వరుస సంఖ్య ఉంటుంది, దారిలో పోయినదాన్ని మళ్లీ పంపుతారు. ఒకే సర్వర్‌లో రకరకాల సేవలుంటాయి కాబట్టి ఏ గుమ్మం తట్టాలో చెప్పేది పోర్ట్ నంబరు. భద్రత ఉన్న వెబ్‌కు 443, లేనిదానికి 80, విండోస్ ఫైల్ షేరింగ్‌కు 445. ఈ 445 గుమ్మంలోని లోపం గుండానే 2017 మే 12న వానాక్రై వ్యాపించింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి మరమ్మతును మార్చిలోనే విడుదల చేసింది. దెబ్బతిన్నవి చాలావరకు ఆ రెండు నెలల్లో అప్‌డేట్ చేయని కంప్యూటర్లు. "తర్వాత గుర్తుచేయి" అనే బటన్ ఖరీదు అది.

ఇప్పుడు అసలు విషయం, బ్రౌజర్‌లో సైటు చిరునామా పక్కన కనిపించే తాళం బొమ్మ. దాని వెనకున్నది హెచ్‌టీటీపీఎస్ అనే పద్ధతి. అది రెండు పనులు చేస్తుంది. మీకూ సర్వర్‌కూ మధ్య మాటలు మూడోవాడికి అర్థం కాకుండా చేస్తుంది. మీరు కొట్టిన పేరు నిజంగా ఆ సర్వర్‌దేనని సర్టిఫికెట్ చూపించమంటుంది. డీఎన్‌ఎస్ మోసం ఇక్కడే బయటపడుతుంది. దొంగ సర్వర్ దగ్గర ఆ పేరు మీద సర్టిఫికెట్ ఉండదు, బ్రౌజర్ ఎర్రగా హెచ్చరిస్తుంది. హెచ్చరిక వస్తే ముందు మీ పరికరంలో తేదీ, సమయం చూడండి. గడియారం తప్పితే సరైన సర్టిఫికెట్ కూడా గడువు దాటినట్టు కనిపిస్తుంది. గడియారం సరిగ్గానే ఉంటే వెనక్కి రండి. "అయినా ముందుకు వెళ్లు" నొక్కకండి.

తాళం చెప్పని సంగతి ఒకటుంది. ఆ పేరు పెట్టుకున్నవాడు మంచివాడా కాదా అన్నది దానికి తెలియదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి చోట సర్టిఫికెట్ ఉచితంగా, నిమిషాల్లో వస్తుంది. దొంగలూ తెచ్చుకుంటారు. జనం దాన్ని నమ్మకానికి గుర్తుగా పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ ఆ బొమ్మను తీసేసింది. కాబట్టి పేరు చదవడం మీరే నేర్చుకోవాలి. హెచ్‌టీటీపీఎస్ పక్కనే ఉండే రెండు ఏటవాలు గీతలను వదిలేసి, వాటి తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమకు చదవండి. "మాబ్యాంకు డాట్ కామ్ డాట్ ఖాతాసేవ డాట్ నెట్" అని ఉంటే ఆ సైటు యజమాని ఖాతాసేవ డాట్ నెట్. ముందున్న బ్యాంకు పేరు వాడు రాసుకున్న అలంకారం. ఆ పేరు చూసి ఎంతమంది మోసపోతారో! ఇంకో రకంలో అక్షరాలే వేరు. రష్యన్ లిపిలోని కొన్ని అక్షరాలు ఇంగ్లిషు అక్షరాల్లాగే కనిపిస్తాయి. అవి కంటికి దొరకవు.

అందుకే పాస్‌వర్డులు దాచి తనే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ వాడమంటాను, గుర్తుపెట్టుకునే భారం తగ్గుతుందని మాత్రమే కాదు. అది సైటు పేరును అక్షరం అక్షరం సరిపోల్చుకుంటుంది. ఎప్పుడూ నింపే చోట ఒకరోజు నింపకుండా మొండికేస్తే, మీరు నింపకండి. పాస్‌వర్డుకు బదులు మీ పరికరంలో దాచే పాస్‌కీ ఇంకా గట్టిది, అసలు సైటు పేరుతో ముడిపడి ఉంటుంది కాబట్టి నకిలీ సైటులో పనికే రాదు. ఓటీపీ వేరు. నకిలీ పేజీలో మీరు కొట్టిన ఆరు అంకెలను అవతలివాడు అదే నిమిషంలో అసలు సైటులో కొట్టేయగలడు. లేనిదానికంటే ఓటీపీ ఎంతో నయం, కానీ అది పేరు చదవదు.

బయటి ఉచిత వైఫై గురించి ఎప్పుడూ అడుగుతారు. హెచ్‌టీటీపీఎస్ ఉన్నంతవరకు పాస్‌వర్డు పక్కటేబుల్ వాడికి కనిపించదు. మీరు వెళ్లే సైటు పేరు మాత్రం చాలాసార్లు తెలుస్తుంది. వీపీఎన్ (మీ రాకపోకలన్నిటినీ ఒక మధ్యవర్తి గుండా రహస్యంగా నడిపే ఏర్పాటు) పెట్టుకుంటే ఆ నమ్మకాన్ని వైఫై వాడి నుంచి వీపీఎన్ నడిపేవాడికి బదిలీ చేస్తారంతే. ఉచిత వీపీఎన్ అయితే నాకు ఇంకా అనుమానం.

చివరగా, నకిలీ పేజీలో పాస్‌వర్డ్ కొట్టేశారనుకోండి. సిగ్గుపడి దాచుకోకండి, గడియారం నడుస్తోంది. అదే పేజీ అడగ్గానే ఏదైనా యాప్ కూడా వేసుకుని ఉంటే ముందు ఆ పరికరంలో నెట్ ఆపి, వేరే పరికరం తీసుకోండి. అసలు సైటు చిరునామా మీ చేత్తో కొట్టి పాస్‌వర్డ్ మార్చండి. "అన్ని పరికరాల నుంచి లాగౌట్" నొక్కండి. లేకపోతే పాత పాస్‌వర్డుతో ముందే లోపలికి వచ్చినవాడు కొన్ని సైట్లలో అలాగే ఉండిపోతాడు. డబ్బుకు సంబంధించినదైతే బ్యాంకుకు అప్పుడే ఫోన్ చేయండి, ఆ మెసేజ్‌లో ఇచ్చిన నంబరుకు కాదు, కార్డు మీదున్న నంబరుకు. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడారో అక్కడా మార్చండి. పోయింది ఈమెయిల్ ఖాతా అయితే అన్నిటికన్నా ముందు దాని సంగతే చూడండి, ఎందుకంటే మిగతా పాస్‌వర్డులన్నీ రీసెట్ అయ్యేది ఆ పెట్టె గుండానే. రికవరీ ఫోన్ నంబరు మీదేనా చూడండి. సెట్టింగుల్లో ఫార్వర్డింగ్ కూడా తెరిచి చూడండి. చొరబడినవాడు అక్కడ తన చిరునామా పెట్టి వెళ్లి ఉంటే, మీరు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా మీ ఉత్తరాల కాపీలు వాడికి వెళ్తూనే ఉంటాయి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.