గుర్రపుడెక్క తీస్తే సరిపోదు, తరలించాలి

అధ్యక్షులకు, నీటి సంఘం పెద్దలకు, పని మానుకుని వచ్చిన రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. ఫిబ్రవరి 2 చిత్తడి నేలల దినోత్సవం కాబట్టి కొల్లేరు పక్షుల గురించి చెప్పమన్నారు. గూడబాతుల గురించి నా తర్వాతి వక్తలు చక్కగా చెబుతారు. నేను మీ చేల వెనక పారే మురుగు కాలువ గురించి మాట్లాడతాను. ఆ పక్షి తినే చేప బతుకు అక్కడే తేలుతోంది.

పంట కాలువ నీటి కోసం మనం తగాదాలు పడతాం, రాత్రుళ్లు తూముల దగ్గర కాపలా ఉంటాం. మురుగు కాలువ గుర్తొచ్చేది మాత్రం తుపానుకు చేను మునిగినప్పుడే. డెల్టా మురుగు పారుదలకు సెస్సు వేస్తూ 1968లో చట్టమే వచ్చింది. అయినా నీరు ఎంత త్వరగా పోతుందన్నదే మన చింత, ఆ నీటితో ఏం పోతోందో చూడం.

పోతున్నది మనం వేసిన ఎరువులోని భాస్వరం. 50 కిలోల డీఏపీ బస్తా మీద 46 శాతం అని ఉంటుంది. అది ఫాస్ఫేటు లెక్క. అసలు భాస్వరం సుమారు 10 కిలోలు. టన్ను ధాన్యం పండితే గింజా గడ్డీ కలిసి తీసుకునేది 3 కిలోలకు అటూ ఇటూ. మిగిలినది మట్టిని అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే అది ఎక్కడికీ పోదని మనకు ధీమా. దమ్ము చేసిన బురద నీటిని బోదెలోకి వదిలితే మట్టితోపాటే అదీ పోతుంది. ఎరువు చల్లిన మర్నాడు వాన పడి మడి పొర్లితే నీటిలో కరిగి పోతుంది.

ఒక్క బస్తాలోని భాస్వరంలో నూటికి ఒక వంతు జారిపోయిందనుకోండి. అంటే 100 గ్రాములు. లీటరు నీటిలో 0.03 మిల్లీగ్రాములు దాటితే చాలు, నాచు పెచ్చరిల్లుతుంది; అది కుళ్లితే చేపకు ప్రాణవాయువు అందదు. ఆ 100 గ్రాములు 33 లక్షల లీటర్ల నీటిని ఆ స్థితికి తెస్తాయి. మీ ఊళ్లో ఈ సీజన్‌లో ఎన్ని బస్తాలు దిగాయో మీరే గుణించుకోండి.

ఇంత కొంచెం ఎరువుకు అంత జరుగుతుందా అని అడిగేవారికి నేనెప్పుడూ ఒకటే చెబుతాను. 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందం ఒక చెరువును నడుమ సన్నగా ఉన్నచోట తెర కట్టి రెండు చేసింది. రెండు భాగాలకూ నత్రజని, కర్బనం వేశారు. ఒకదానికి మాత్రం భాస్వరం కూడా కలిపారు. భాస్వరం కలిపిన సగమే పచ్చగా నాచు పట్టిపోయింది. విమానం నుంచి తీసిన ఆ ఫోటో చూస్తే ఇక వాదన ఉండదు.

చేపల చెరువుల వారు వెనక కూర్చున్నారు. దయచేసి లేచి వెళ్లకండి. మిమ్మల్ని దోషులుగా నిలబెట్టడానికి రాలేదు. కానీ తవుడులో భాస్వరం ఎక్కువ, అందులో చాలా భాగం చేపకు అరగని రూపంలో ఉంటుంది. పైగా సూపర్ ఫాస్ఫేటు, కోళ్ల ఎరువు వేస్తారు. చేపలు పట్టే నాడు చెరువు నీరంతా మురుగు కాలువలోకే తోడుతున్నారు. బుడమేరు, తమ్మిలేరు, డ్రెయిన్లు అన్నీ కొల్లేరులోకే వస్తాయి. సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో 2002లో చేరిన సరస్సు కదా ఇది!

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి. ఏటా వేసవిలో మా డ్రెయిన్‌లో నీటిపై తేలుతూ అల్లుకునే కలుపు గుర్రపుడెక్కను యంత్రంతో తీస్తారు. తీసి గట్టు మీద పోస్తారు. అది అక్కడే కుళ్లుతుంది. తొలకరికి అందులోని భాస్వరం మళ్లీ కాలువలోకే దిగుతుంది. తరలించండి అని ఒక కార్యాలయంలో అర్జీ ఇస్తే, "అంచనాలో తీయడం వరకే ఉందండీ, తరలించడం లేదు" అన్నారు. మరుసటి ఏడూ అదే జవాబు. ఎంత అన్యాయం ఇది! ప్రజల డబ్బుతో కలుపు తీసి, ఆ కలుపుకే మళ్లీ ఎరువు వేస్తున్నాం. అది కమ్మేసిన కాలువ అడుగున ప్రాణవాయువు ఉండదు. అప్పుడు అడుగు బురదలోని ఇనుము అప్పటిదాకా పట్టి ఉంచిన భాస్వరాన్ని నీటిలోకి వదిలేస్తుంది. ఇక గుర్రపుడెక్కకు మనం వేయకపోయినా మేత దొరుకుతుంది. గట్టు మీద ఉన్నప్పుడే ఎత్తుకెళ్లి పేడతో కలిపి కంపోస్టు చేస్తే అది మన ఎరువు, మన డబ్బు.

రైతులను ఒక్కటే అడుగుతున్నాను. భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువ అని వచ్చినవారు చేతులెత్తండి. ఇంతమందా! మరి డీఏపీ బస్తా ఎందుకు తగ్గలేదు? మడిలో నీరు నిలిచినప్పుడు మట్టిలో బందీగా ఉన్న పాత భాస్వరమే విడుదలై వరికి అందుతుంది. వ్యవసాయ అధికారిని అడిగి మోతాదు తగ్గించండి. దమ్ము నీరు తేరుకునేదాకా, ఎరువు వేశాక కొన్ని రోజులపాటు గండి తీయకండి. పక్షుల కోసమే కాదు, 1,350 రూపాయల బస్తా కోసమైనా ఆ పని చేయండి.

అధ్యక్షా, సమయం మించిందని చీటీ పంపారు, చూశాను. తీర్మానాల పుస్తకం ఇటు ఇప్పించండి. ఈ వేసవి పనుల అంచనాలో "తీసిన గుర్రపుడెక్కను పదిహేను రోజుల్లోగా గట్టు నుంచి తరలించాలి" అనే వాక్యం చేర్చాలని రాస్తున్నాను. రైతులూ, చేపల చెరువుల వారూ ఇద్దరూ సంతకం చేయాలి. వెనక వరుస వారు ముందుగా రండి.